కందెన పెట్టని తేరు

ఇరవై రెండేళ్ళ వయసులో నాకు తెలియని సంగతంటూ ఏదీ లేదు. చిత్తూరులో ట్రైనింగు ముగించుకొని, వడమాలపేటకు మూడు మైళ్ళ అవతల కొండ కింద ఉన్న ఒక పల్లెబడిలో సైన్సు చెప్పడానికి చేరినప్పుడు నా పెట్టెలో రెండు పంచెలు, ఒక భూతద్దం, చలన సూత్రాలు రాసుకున్న నోటుబుక్కు ఉన్నాయి. పల్లెను ఉద్ధరించడానికి అవి చాలుననుకున్నాను. అది పందొమ్మిది వందల నలభై ఐదు, ఫాల్గుణ మాసం. యుద్ధం ఇంకా ముగియలేదు.

నాకు ఎల్లప్ప ఇంటి వసారాలో ఒక గది దొరికింది. ఎల్లప్పకు అరవై దాటాయి. ఊళ్ళోని వేణుగోపాలస్వామి తేరుకు తరతరాలుగా అడ్డుకట్టెలు వేస్తున్న ఇల్లు అది. తేరును లాగడానికి వందమంది ఉంటారు. దాన్ని ఆపేదీ, మలుపులో తిప్పేదీ మాత్రం ముందు చక్రాల పక్కన నడిచే ఇద్దరే. చింతమొద్దుతో ముక్కోణంగా చెక్కిన కట్టెను, దాని పొడుగు పిడి పట్టుకొని, దొర్లుతున్న చక్రం కిందికి సరైన క్షణంలో తోయాలి. కుడి చక్రం ఎల్లప్పది. ఎడమ చక్రం ఆయన కొడుకు మునస్వామిది. మునస్వామి రెండేళ్ళ కిందట పటాళంలో చేరి బర్మా వైపు పోయాడు. ఎనిమిది నెలలుగా అతని దగ్గర నుంచి జాబు లేదు. అతని బదులు పక్క ఊరి చిన్నబ్బ ఎడమ చక్రం దగ్గర నిలబడుతున్నాడు.

'వాడొచ్చేదాకా' అన్న మాట ఆ ఇంట్లో రోజుకు పదిసార్లు వినపడేది. మునస్వామి మంచాన్ని వాడొచ్చేదాకా ఎవరూ వాల్చరు. వాడొచ్చేదాకా ఎర్రావును అమ్మరు. మునస్వామి భార్య దేవకమ్మను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆమె నోట మాత్రం ఆ 'వచ్చేదాకా' అన్న మాట వచ్చేది కాదు. వాకిట్లో అలికిడైతే చేస్తున్న పని ఆపి తల ఎత్తేది, అంతే.

వాళ్ళమ్మాయి గంగులు నా ఐదో తరగతిలోనే ఉండేది. "కదిలే వస్తువు కదులుతూనే ఉంటుంది, నిలిచిన వస్తువు నిలిచే ఉంటుంది, బయటి బలం ఏదీ పనిచేయనంతవరకు" అని నేను బోర్డు మీద రాస్తే తరగతంతా పాటలాగా అప్పజెప్పింది. అర్థమేమిటని అడిగితే అందరూ పైకప్పు వైపు చూశారు. గంగులు చెయ్యెత్తింది.

"కదిలేది కదలతానే యాడుంటాది అయ్యోరా? మా ఎర్రావును అదిలించకుంటే నిలబడిపోతాది గదా!"

ఎర్రావు గురించి నా నోటుబుక్కులో ఏమీ లేదు. పిల్లలందరినీ వెంటబెట్టుకొని తేరుకొట్టం దగ్గరికి తీసుకుపోయాను. ఎల్లప్ప అక్కడ కూర్చొని, కొత్త కట్టెకు బాడిసెతో అంచు తీస్తున్నాడు.

"తాతా, మా అయ్యోరికి తేరు సూపించాలంట" అంది గంగులు.

"సూపించేదేముండాది పాపా? ఈడ్నే ఉండాది. నువ్వు లాగందే యాడికీ పోదు" అని నవ్వి, నా వైపు తిరిగాడు. "తేరు రెండు తావుల మొండికేస్తాది అయ్యోరా. కదిలించేటప్పుడు ఒగసారి, నిలిపేటప్పుడు ఒగసారి. నడిమద్దెలో సెప్పినట్టు ఇంటాది. రెండో మొండితనం ఉండాదే, అది శానా సెడ్డది."

నేను వారం రోజులు బోర్డు మీద గీకిన పాఠం అదే. పిల్లలు తలలూపారు. అర్థమైన తల ఊపుడు ఎలా ఉంటుందో అయ్యవార్లకు తెలుస్తుంది. నాకు కొంచెం కుళ్ళు పుట్టింది. అందుకేనేమో, వంగి తేరు కిందికి తొంగిచూసి తప్పు వెతికాను. దొరికింది కూడా. ఆ ఊళ్ళో ప్రతి ఎద్దుల బండికీ కందెన గొట్టం వేలాడుతుంది. ఆముదంలో గడ్డిమసి కలిపి ఇరుసుకు పూయకుండా ఎవరూ బండి కట్టరు. తేరు ఇరుసు మాత్రం ఎండిన కట్టెలాగా పొడిగా ఉంది.

"దీనికి కందెన పెట్టరా?"

"పెట్టగూడదు."

"ఎందుకు?"

"మా నాయన పెట్టల్యా. వాళ్ళ నాయనా పెట్టల్యా."

"అదే, ఎందుకు పెట్టలేదు?"

"ఎందుకో నాకు తెలీదు అయ్యోరా. పెట్టగూడదని తెలుసు."

ఆ వయసులో నాకు ఇంతకన్నా తియ్యని జవాబు ఉండదు. పిల్లల ముందే ఘర్షణ గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఘర్షణ మన బలాన్ని తినేసే దొంగ అన్నాను. ఆచారం వేరు, శాస్త్రం వేరు అన్నాను. ఎల్లప్ప బాడిసె పక్కన పెట్టి అంతా శ్రద్ధగా విన్నాడు. చివర "బాగ సెప్పినావప్పా" అని మళ్ళీ కట్టె చెక్కుకున్నాడు.

అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. ఉగాది పోయిన వారానికి గుడి ధర్మకర్త వెంకటేశ్వర్లు నాయుడు నన్ను పిలిపించాడు.

"ఏమప్పా సైన్సయ్యోరా, పోయినేడు దక్షిణ వీధి మొదట్లో తేరు ఒకటిన్నర గంట నిలిచిపోయింది. వయసు పిల్లకాయలంతా పటాళానికి పోయినారు. లాగేదానికి జనం చాలడం లేదు. ఎల్లప్పకూ మోకాళ్ళు పోయినాయి. ఈ యేడు గూడా తేరు నిలిస్తే రెండు చక్రాలూ చిన్నబ్బ ఇంటోళ్ళకే రాసిచ్చేస్తాను. ముసలాయన మొహం చూసి ఎన్నాళ్ళు ఆగేది?"

రెండు చక్రాలూ అంటే మునస్వామి చక్రం కూడా. వాడొచ్చేదాకా దాన్ని నిలబెట్టుకోవడానికే ఎల్లప్ప ఆ మోకాళ్ళతో ఏడాదికొకసారి తేరు పక్కన కుంటుతున్నాడు. తేరు తేలిగ్గా కదిలితే ఆ ఇంటికి చక్రం దక్కుతుంది. దానికి మందు నాకు తెలుసు.

"ఇరుసుకు కందెన పెట్టించండి నాయుడుగారూ. సగం మంది చాలు" అన్నాను.

"ఎల్లప్ప ఒప్పుకోడే?"

"ఆయనకు చెప్పడమెందుకు?"

ప్రేమతోనే అన్నాను. అయినా ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకూ నాకు సిగ్గేస్తుంది. చక్రాలు విప్పి కడిగే రోజున ఎల్లప్పను ఏదో పని మీద పుత్తూరుకు పంపి, నాయుడు వడ్రంగుల చేత నాలుగు చక్రాలకూ దట్టంగా కందెన పట్టించాడు. ఎల్లప్ప సాయంత్రానికి తిరిగొచ్చి, తేరు చుట్టూ ఒకసారి తిరిగి, ఇంటికొచ్చి సంగటి తిన్నాడు. చూడలేదులే అనుకొని నేను ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం వడ్డించుకొని తిన్నాను.

తేరుకు ముందురోజు బడిలో చందమామ పాఠం. చందమామ పడిపోకుండా, ఆగిపోకుండా ఎలా తిరుగుతుందో చెబుతున్నాను. భూమి దాన్ని మోకు పట్టినట్టు తన వైపు లాగుతుంటుంది కాబట్టి చుట్టూ తిరుగుతుందని చెప్పాను. పైన దారీ లేదు, ఇరుసూ లేదు, గాలీ లేదు, రాపిడి లేదు, కాబట్టి ఆగదని చెప్పాను. గంగులు చెయ్యెత్తింది.

"అయితే చందమామకు అడ్డుకట్టె ఏసేవోళ్ళు లేరా?"

"లేరు."

"ఎవురన్నా కందెన పెట్టినారా?"

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వి, "అట్లాగే అనుకో" అన్నాను.

"మన తేరుకు గూడా కందెన పెడితే చందమామ మాదిరి పోతానే ఉంటాదేమో. అందుకే మా తాత పెట్టడేమో గదా అయ్యోరా!"

సుద్దముక్క కింద పెట్టాను. పిల్లల నవ్వు ఇంకా ఆగలేదు. కిటికీ దగ్గర ఎవరిదో తాటికాయ బండి ఉంటే తెప్పించి, పలకల బల్లను ఒక వైపు ఎత్తి ఏటవాలుగా పెట్టాను. బల్ల మధ్యలో ఒక బలపం ముక్క అడ్డం పెట్టి బండిని వదిలాను. బండి దొర్లి, బలపం దగ్గర ఆగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. దేవకక్క గంగులు తలకు పెట్టి పంపిన ఆముదం జడ నిండా ఉంది. ఆ జడను వేలితో తుడిచి, ఆ వేలిని తాటికాయల నడుమ పుల్లకు రాసి మళ్ళీ వదిలాను. బండి బలపాన్ని ఎక్కి, అవతలికి దూకి, బల్ల దిగి, ముందు వరస పిల్లవాడి ఒళ్ళో పడింది.

తరగతి గొల్లుమంది. నాకు తేరు పోయే దారి గుర్తొచ్చింది. దక్షిణ వీధి మొదట్లో ఎత్తుగా ఉండి, చివరి మలుపు దాకా దిగువకే పోతుంది. ఎల్లప్ప తాతముత్తాతలు ఇరుసును పొడిగా ఉంచింది ఆ దిగువ కోసమే. ఆ రాపిడే తేరుకు కళ్ళెం. ఎందుకో చెప్పడానికి వాళ్ళకు నా మాటలు లేవు, అంతే. మాటలున్న నేను దాన్ని తుడిచిపెట్టాను.

బడి వదలగానే నాయుడి దగ్గరికి పరుగెత్తాను. ఆయన మామిడి తోరణాలు కట్టిస్తున్నాడు.

"ఇప్పుడు చక్రాలు విప్పాలంటే రెండు దినాలు. పొద్దున్నే దేవుడు ఎక్కాలప్పా! నువ్వే గదా సైన్సన్నావు? గమ్మున ఉండు."

ఎల్లప్పకైనా చెప్పాలని ఇంటికొచ్చాను. అరుగు మీద కూర్చొని మోకాళ్ళకు నూనె పట్టించుకుంటున్నాడు. పక్కన మూడు కట్టెలు కడిగి పసుపు రాసి ఉన్నాయి.

"ఈ ఎడం చక్రందుండాదే, ఇది మునస్వామిది. చిన్నబ్బకు వేరే కట్టె ఇచ్చినా. ఇది వాడొచ్చేదాకా పక్కన్నే పెట్టుకుంటా" అన్నాడు.

మొట్టమొదటిసారి నాకు తెలిసిన సంగతి ఒకటి నేను చెప్పలేకపోయాను. పిరికితనానికి ఇంకో పేరు పెట్టుకునే వయసు కాబట్టి, పెద్దాయన మనసు కష్టపెట్టకూడదనుకున్నాను.

మర్నాడు పొద్దున పది దాటాక తేరు కదిలింది. కదిలిందనడం చాలదు. మొదటి 'గోవిందా' ముగిసేలోపలే ముందుకు ఉరికింది. లాగేవాళ్ళు ఆశ్చర్యంతో వెనక్కి తిరిగి చూశారు. నాయుడు నా వీపు తట్టాడు. తూర్పు వీధి దాటేసరికి ఆడవాళ్ళు హారతి కళ్ళకద్దుకునే సందు కూడా లేదు. నేను ఎల్లప్ప వెనకే నడుస్తున్నాను. ఆయన ముఖం చూశాను. భయం లేదు, సంతోషం లేదు. చక్రం మీదే కన్ను.

దక్షిణ వీధి దిగువలో మోకులు వదులయ్యాయి. ఎవరూ లాగడం లేదు, తేరు వస్తోంది. ఎల్లప్ప కట్టె వేశాడు. చక్రం దాన్ని ఎక్కి, దిగి, ముందుకొచ్చింది. ఇంకోటి వేశాడు. అది ఫట్‌మని చీలింది. ఎడమ పక్క చిన్నబ్బ తన కట్టె వదిలేసి అరుగు మీదికి గెంతాడు. జనం అరుస్తూ పక్కలకు చెదిరారు.

"ఎనక మోకు బిగించండప్పా! దేవకమ్మా, ఇసక!" అని ఎల్లప్ప కేక.

అప్పుడు చూశాను. వీధికి రెండు వైపులా గోడల పక్కన గంపల వరస ఉంది. దేవకక్క, ఇంకో నలుగురు ఆడవాళ్ళు గంపలెత్తి చక్రాల ముందు ఏటి ఇసుక కుమ్మరించారు. తేరు వెనక పదిమంది మగవాళ్ళు ఒక పాత మోకు పట్టి వెనక్కి వాలారు. చక్రాలు ఇసుకలో కుంగి మూలిగాయి. కుడి వైపు నెమ్మదించింది. ఎడమ వైపు నెమ్మదించలేదు. తేరు పక్కకు తిరుగుతోంది.

ఎల్లప్ప చంకలో ఉన్న మునస్వామి కట్టెను నేనే లాక్కొని ఎడమ చక్రం దగ్గరికి పరుగెత్తాను. ఎలా వేయాలో నాకు తెలియదు. కొట్టంలో పిల్లలకు ఆయన చూపించినప్పుడు నేను తప్పులు వెతుకుతూ ఉన్నాను కదా!

"ఏటవాలుగా పెట్టప్పా! నేరుగా ఒద్దు! పిడి వదిల్యాక సెయ్యి ఎనక్కి!" అని కుడి పక్క నుంచి ఎల్లప్ప కేక.

ఏటవాలుగా పెట్టాను. చక్రం కట్టెను కరిచింది. చెయ్యి తీశాను, కొంచెం ఆలస్యంగా. బొటనవేలి గోరు అక్కడే ఉండిపోయింది. తేరు మూలుగుతూ కట్టెను అరగజం నెట్టుకుపోయి నిలిచింది. కుప్పమ్మ అనే ముసలామె ఇంటి అరుగుకు మూర దూరం. అరుగు మీద నుంచి కదలని కుప్పమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"నేను రాలేనని దేముడే నా గడపకొచ్చినాడు!"

ఊరంతా ఒక్కసారిగా నవ్వింది. ఏడుపూ నవ్వూ కలిసిన నవ్వు. ఎవరికీ ఏమీ కాలేదు. మధ్యాహ్నానికి తేరు వీధులన్నీ తిరిగి తన నిలయం చేరింది. అంత తొందరగా ఎప్పుడూ చేరలేదని, అదంతా తన కందెన గొప్పేనని నాయుడు అందరికీ చెప్పుకున్నాడు. ఆ సంతోషంలో ఎల్లప్ప తలకు పసుపు గుడ్డ తనే చుట్టి, రెండు చక్రాలూ ఆ ఇంటివేనని అందరి ముందూ అన్నాడు. చిన్నబ్బ కోసం తెచ్చిన రెండో గుడ్డ మిగిలిపోతే అది నా తలకు చుట్టారు. నేను తల ఎత్తలేకపోయాను.

సాయంత్రం ఎల్లప్ప నా వేలికి పసుపు కట్టు కడుతుంటే చెప్పేశాను. "కందెన పెట్టించింది నేనే."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"పుత్తూరు నుంచి వచ్చినపొద్దే. ఆముదం వాసన పసిపిల్లోనికి గూడా తెలుస్తాది. నాయుడికి అంత బుద్ధి పుట్టదు. ఇంగెవురు?"

"మరి నన్ను అడగలేదే? తిట్టలేదే? ఇసుక మోయించుకొని, మోకుకు మనుషుల్ని మాట్లాడుకొని, నాతో ఒక్క మాటన్నా అనలేదే!"

ఎల్లప్ప కట్టు ముడి వేసి, చెయ్యి వదిలాడు. "పిల్లోళ్ళు నీ మాట ఇంటాండారప్పా. పదేండ్లకు ఈ బడికి ఒక సైన్సయ్యోరు వచ్చినాడు. ముసిలోడు అయ్యోరిది తప్పన్యాడని ఊళ్ళో తెలిస్తే రేపు నీ మాట ఎవురింటారు? తేరు అంటావా, దాన్ని నేను సూసుకుంటా."

నేను ఏడ్చాను. ఇరవై రెండేళ్ళవాణ్ణి, ట్రైనింగయినవాణ్ణి, దేవకక్క చూస్తుండగానే ఏడ్చాను. ఆమె నా ముందు సంగటి ముద్ద పెట్టి, చేతికి కట్టుంది కదా అని మధ్యలో గుంట చేసి పులుసు కూడా తనే పోసింది.

సోమవారం బడిలో బోర్డు మీద 'ఘర్షణ' అని రాశాను. దాని కింద, "ఇది దొంగ అని చెప్పాను. అది నా తప్పు. మొన్న మనందరినీ కాపాడింది ఇదే" అని రాశాను. జరిగినదంతా చెప్పాను. ఎల్లప్ప భయపడినట్టు ఎవరూ నా మాట వినడం మానలేదు. పైగా ఆ రోజు నుంచి పిల్లలు నన్ను నిర్భయంగా ప్రశ్నలు అడగసాగారు. నాకు జవాబు తెలియనివాటి లెక్క గంగులు పలక మీద గీతలు పెట్టి ఉంచేది.

ఆషాఢంలో పటాళం నుంచి ఇంగ్లీషులో అచ్చు వేసిన కాగితం ఒకటి వచ్చింది. చదివి చెప్పాల్సింది నేనే. మునస్వామి కనపడడం లేదని ఉంది. చనిపోయాడని లేదు, ఉన్నాడనీ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎల్లప్ప ఆ కాగితాన్ని వెనకా ముందూ తిప్పి చూశాడు.

"కనపడల్యా అంటే ఎతకతాండారన్నమాట" అన్నాడు.

దేవకక్క లోపలికి పోయి పొయ్యి ఊదింది. పొయ్యి అప్పటికే మండుతోంది.

మరుసటి ఏడు తేరుకు ముందురోజు ఎల్లప్ప ఎడమ చక్రం కట్టెను నా చేతిలో పెట్టాడు. "వాడొచ్చేదాకా నువ్వు పట్టుకో అప్పా. ఇంగొకరి సేతిలో పెడితే మళ్ళా అడగలేము." తర్వాత కొంటెగా చూసి, "కందెన గొట్టం మాత్రం నేను దాపెట్టుకుంటా" అన్నాడు.

ఇరవై రెండేళ్ళు పట్టుకున్నాను. పుత్తూరుకు, ఆ తర్వాత శ్రీకాళహస్తికి బదిలీ అయినా తేరునాటికి వచ్చేవాణ్ణి. ఆరో ఏట ఎల్లప్ప పోయాడు. కుడి చక్రం చిన్నబ్బ ఇంటికి వెళ్ళింది. ఎడమదాన్ని ఎవరూ అడగలేదు. గంగులు పెళ్ళయి తడ అనే ఊరికి పోయి, అక్కడి బడిలో పాఠాలు చెబుతోంది. చందమామకు అడ్డుకట్టె వేసేవాళ్ళు లేరని పిల్లలకు చెబుతుందట.

ప్రతి ఏడూ తేరు నిలయం చేరాక నా తల గుడ్డ విప్పి దేవకక్క చేతికి ఇచ్చేవాణ్ణి. ఆమె దాన్ని ఉతికి, ఆరేసి, మడిచి, మునస్వామి పెట్టెలో పాత గుడ్డల మీద పెట్టేది. ఆ యింట్లో అందరూ 'వాడొచ్చేదాకా' అన్నన్నాళ్ళూ ఆ మాట అనని మనిషి, మామ పోయాక తనే అనడం మొదలుపెట్టింది.

"వచ్చే యేడు ఆయన వచ్చేస్తే నీకీ తిప్పలు తప్పుతాయి అయ్యోరా."

బోర్డు మీద నా తప్పును నేనే రాసుకున్నవాణ్ణి. ఆ మాటకు మాత్రం ఏటా ఒకే జవాబు చెప్పాను.

"అవునక్కా, తప్పుతాయి."